రెండు ఆటోలు, ఒక పడుగు, నా గొంతు

డిగ్రీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నేనొక పిచ్చి నమ్మకంతో బతికేదాన్ని. మనిషికి ఏ విషయంలో ఏది సబబనిపిస్తే అది అనుకోవచ్చని, ఒక పార్టీ చెప్పినదాంట్లో ఒక మాట, ఇంకో పార్టీ చెప్పినదాంట్లో రెండు మాటలు నచ్చితే మూడింటినీ ఇంటికి తెచ్చుకోవచ్చని అనుకునేదాన్ని. సంతలో ఒకరి దగ్గర వంకాయలు, ఇంకొకరి దగ్గర టమేటాలు కొనుక్కోవడం లేదూ, అలాగన్నమాట. దీనికి ఎవరైనా అభ్యంతరం చెబుతారని నాకు కలలో కూడా తోచలేదు. (మా నాయన సంతలో వంకాయలు కూడా పార్టీ చూసే కొంటాడన్న సంగతి అప్పటికి నేను సరిగ్గా గమనించలేదు.) ఆ నమ్మకం ఎంత అమాయకమైనదో ఒకే ఒక్క పొద్దున, మా వీధి నడిమధ్యలో, మైకులో తెలిసొచ్చింది. ఆ పొద్దున ఎవరు ఎక్కువ అదిరిపోయారంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను. నాయనా, నేనా, రెండు పార్టీల పెద్దమనుషులా అన్నది తేలలేదు.

మాది ధర్మవరం పక్క, పట్టు మగ్గాల వీధి. మా ఇంట్లో పార్టీలకు పేర్లుండేవి కావు. ఒకటి 'మన పార్టీ', రెండోది 'ఆ పార్టీ'. నాయన నోట ఆ రెండో పార్టీ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. పేపర్లో ఆ పేరు కనిపిస్తే ఆ పేజీని మడతపెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టేవాడు. మన పార్టీ వాళ్ల టీ హోటల్లోనే టీ, మన పార్టీ మంగలి దగ్గరే క్షవరం. ఒకసారి మన మంగలి ఊరికిపోతే, నెల రోజులు గడ్డంతోనే మగ్గం నేశాడు తప్ప ఎదురు వీధి షాపు గడప తొక్కలేదు. అంత నిష్ఠకు ఆయనకు దక్కిన గౌరవం ఒక్కటే. ప్రతి ఎన్నికల్లోనూ మా బడిలోని పోలింగు గదిలో మన పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చోవడం. ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీ నాయనదే. వచ్చిన ప్రతి ఓటరునూ పేరు పెట్టి పిలిచి, ఫలానా వాళ్ల కోడలని, ఫలానా వాళ్ల తమ్ముడని చెప్పగలడు. ఆ ముప్పై ఏళ్ల ఏజెంటు పాసులన్నీ అమ్మ పెళ్లిచీరతోపాటు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండేవి. ఇల్లు మునిగితే ముందు ఏది బయటికి తెస్తాడో అమ్మ ఎప్పుడూ అడగలేదు. జవాబు తెలుసు కాబట్టి.

ఇక నాయన దగ్గర ఇంకొకటి ఉండేది, ఆయన కొళాయి మాట. మా వీధికి ఆరు రోజులకోసారి నీళ్లొచ్చేవి. అదీ చెప్పి రావు. సరిగ్గా నాయన మగ్గం గుంతలో కూర్చుని, అడ్డదారం నేసే నాడె చేతిలో పట్టుకుని, కొంగులో నెమలి మెడ దాకా వచ్చిన సమయానికి కొళాయి బుస్సుమనేది. ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి. నెమలిని మెడ దగ్గర వదిలేసి, గుంతలోంచి లేచి, బిందె చేతికి తీసుకుంటూ ఆయన వీధంతా వినబడేలా ఒక కేక పెట్టేవాడు. "నాడె పట్టే చేతికి బిందె ఇచ్చినారు గదప్పా!" ఎవరిచ్చారో మాత్రం చెప్పేవాడు కాదు, ఎందుకంటే మా వార్డును అన్నేళ్లుగా ఏలుతున్నది మన పార్టీనే. కేక అయిపోగానే నీళ్లు పట్టుకుని, మన పార్టీ టీ హోటల్‌కి పోయి, "మా వీధికేమప్పా, అంతా సుఖమే" అనేవాడు. ఇందులో తేడా ఏమన్నా ఉందని ఆయనకూ తోచలేదు, వినేవాళ్లకూ తోచలేదు.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం బస్టాండు దగ్గర రికార్డింగు స్టూడియోలో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఫోటోలు తీసే షాపు మీద ఒక మేడగది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, మధ్యలో ఒక మైకు. యజమానిని ఊరంతా ఎకో అన్న అనేవాళ్లు. ఆయన ఏది రికార్డు చేసినా చివర ఎకో కలపందే నిద్రపోడు. తప్పిపోయిన గొర్రెపిల్ల ప్రకటనకు కూడా "తెల్లచెవి గొర్రె... గొర్రె... గొర్రె..." అని మూడుసార్లు మోగించాడు. (గొర్రె దొరికింది. అది ఎకో మహిమే అని ఇప్పటికీ చెప్తాడు.) చీరల షాపు ప్రారంభాలు, దంతవైద్య శిబిరాలు, కరెంటు కోతలు, అన్నీ నేనే చదివేదాన్ని. నా గొంతు బాగుంటుందని ఎకో అన్న అనేవాడు. అంతకన్నా ముఖ్యంగా, నేను అడిగిన జీతం తక్కువ.

ఎన్నికలొచ్చాయి. మన పార్టీ వాళ్లు ప్రచారం ఆటో కోసం చదవాల్సిన కాగితం మా స్టూడియోకి పంపారు. నేను చదివానని తెలిసి నాయన పొంగిపోయాడు. టీ హోటల్లో కూర్చుని, ఆటో వీధిలోకొచ్చిన ప్రతిసారీ "మైకులో మాట్లాడ్తాండేది మా పాపనే" అని చెప్పడం, విన్నవాళ్లకు టీ ఇప్పించడం. మర్నాడు ఆ పార్టీ వాళ్లు కూడా వాళ్ల కాగితంతో వచ్చారు. వాళ్ల కాగితం చదవాల్సిన మగమనిషి మొదటి రోజే అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఎకో అన్న నా వంక చూశాడు. నేను మా నాయన సంగతి చెప్పాను. "పని పనే గదా పాపా. కొంచిం గొంతు లావు చేసి చదువు. వాళ్ల ఆటో స్టేషన్ పక్క తిరుగుతాది. మీ వీధిలోకి యాడొస్తాదే? రాళ్లు పడవూ?" అన్నాడు. అది నిజమే. ఆ పార్టీ ఆటో మా వీధిలోకి వచ్చిన చరిత్ర లేదు. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, వాళ్ల కాగితం చదివాక నాకు మనసులో ఉత్సాహం కూడా పుట్టింది.

ఎందుకంటే నా సంత బేరం మొదలైంది కదా. మన పార్టీ కాగితంలో నేతవాళ్లకు దారం రాయితీ తెచ్చామని ఉంది. (పట్టుదారాన్ని మావాళ్లు రేషం అంటారు.) అది నిజం, మా ఇంటికి నెలనెలా వస్తోంది, కాబట్టి ఆ వాక్యం గుండెల్లోంచి చదివాను. ఆ కిందే "మీ వీధి నీళ్ల కష్టం తీర్చేశాం" అని ఉంది. అక్కడికొచ్చేసరికి నా గొంతు తనంతట తానే పిల్లిలా తప్పుకుంది. ఆ పార్టీ కాగితంలో ఏమో రోజు విడిచి రోజు నీళ్లిస్తామని, ఆడపిల్లలకు ఊళ్లోనే డిగ్రీ కాలేజీ పెట్టిస్తామని ఉంది. నేను మూడేళ్లు బస్సులో నిలబడి అనంతపురం పోయొచ్చి చదివినదాన్ని. కాలేజీ మాట చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఆ కిందే "దారం రాయితీ అంతా బూటకం" అని ఉంది. ఆ ముక్క నోట్లోంచి బలవంతాన బయటికి నెట్టాను. అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ వాళ్ల నీళ్ల వాక్యం మరీ ఎండిపోయినట్టుగా ఉంది. "నీటి సమస్యను పరిష్కరించుటకు చర్యలు గైకొనబడును" అట. ఇది వింటే ఎవరికి దాహం తెలుస్తుంది? నిజమైన మాట ఒకటి దాని ముందు పెట్టాలనిపించింది. నాకు తెలిసిన నిజమైన మాట ఒక్కటే. ఊపిరి పీల్చుకుని అనేశాను. "నాడె పట్టే చేతికి బిందె ఇచ్చినారు గదప్పా!"

ఎకో అన్న చెవులకున్న హెడ్‌ఫోను తీసి నన్ను చూశాడు. "ఈ ముక్క కాగితంలో యాడుండాది?" అన్నాడు. "ఊరికే తోచిందన్నా" అన్నాను. "శానా బాగుండాది. ఉండనీ" అని, దానికి మాత్రం రెండింతలు ఎకో కలిపాడు. ఆ సాయంత్రం నేను గర్వంగా ఇంటికి పోయాను. ఒక పార్టీకి దారం, ఒక పార్టీకి నీళ్లు, కాలేజీ, ఎవరి నిజం వాళ్లకు పంచేసిన దానిలా ఫీలయ్యాను.

నాలుగో రోజు పొద్దున మా వీధిలో పడుగు సాచారు. ఇది తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చీర నేయడానికి ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా బారుగా సాచి, తెగినవి అతికి, చిక్కులు తీసి, అప్పుడు చుట్టుకుంటారు. ఒక కొనను గూటానికి కడతారు, రెండో కొనను కర్రకు చుట్టి ఒక మనిషి బిగపట్టి నిలబడాలి. అతను వదిలితే వేల దారాలు చిక్కుపడి మొత్తం పాడైపోతుంది. కాబట్టి పడుగు లేచేదాకా ఆ వీధిలోకి ఏదీ రాదు. పెళ్లి ఊరేగింపైనా, ఎమ్మెల్యే కారైనా ఆగాల్సిందే. ఆ రోజు సాచింది మా పడుగే. గులాబీ రంగు. కర్ర పట్టుకుని నిలబడింది నాయన.

సరిగ్గా అప్పుడే పెద్ద రోడ్డు మలుపులో తాడిపత్రి బండల లారీ ఒకటి ఇరుక్కుపోయిందట. దారి మూసుకుపోయి బండ్లన్నీ సందుల్లోకి తిరిగాయి. మన పార్టీ ఆటో రోజూ వచ్చేదే, నాయన వెనక వైపునుంచి వచ్చి పడుగు చూసి ఆగింది. ఎదురు కొసన ఇంకో ఆటో వచ్చి ఆగింది. పడుగు దగ్గరున్నవాళ్లకు టీ గ్లాసుల పళ్లెం తెస్తున్న నేను దాని మీదున్న జెండా చూశాను, ఆ పార్టీది. వెనక్కి పోదామంటే రెండింటి వెనకా బండ్లు నిండిపోయాయి. ముందు పడుగు. ఇద్దరు డ్రైవర్లూ ఒకరినొకరు చూసుకుని, పౌరుషం కొద్దీ ఇద్దరూ మైకు శబ్దం పెంచారు.

"నేతన్నకు నెలనెలా దారం రాయితీ తెచ్చిందెవరు? మనమే!" అని ఈ కొసనుంచి నా గొంతు గర్జించింది. "దారం రాయితీ అంతా బూటకం..." అని ఆ కొసనుంచి నా గొంతే, కొంచెం లావుగా, జ్వరం వచ్చినదానిలా గొణిగింది. "మీ వీధి నీళ్ల కష్టం తీర్చేశాం" అని ఈ పక్క నేను నంగినంగిగా అన్నాను. అంతలో ఆ పక్క నేను విజృంభించాను. "నాడె పట్టే చేతికి బిందె ఇచ్చినారు గదప్పా! గదప్పా... గదప్పా... గదప్పా..."

నాయన మొదటిసారి విన్నప్పుడు తనే అన్నాడేమోనని పెదాలు బిగించుకున్నాడు. రెండోసారి విన్నప్పుడు కొయ్యబారిపోయాడు. పాపం, చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అక్కణ్ణుంచి పోదామంటే పడుగు పాడైపోతుంది. ప్రచారం ఆటోల్లో పెన్ డ్రైవ్ తిరుగుతూనే ఉంటుంది కదా, అయిపోగానే మళ్లీ మొదలు. ఆ రెండు ఆటోల మధ్య, గులాబీ పడుగు పట్టుకుని, తన సొంత మాట ఆ పార్టీ మైకులో ఎకోతో సహా నాలుగుసార్లు విన్నాడు. వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుంది. ఆ కేక ఎవరిదో ఆ వీధిలో తెలియని మనిషి లేడు.

అరుగు మీద కూర్చున్న మా జేజి, నాయన వాళ్లమ్మ, కళ్లు సరిగా కనిపించవు గానీ చెవులు మహా చురుకు, తల ఊపుతూ అంది, "రెండు పక్కలా మన పాపేరా. ఈ పక్క రేషం మాట నిజింగా చెప్తాండాది, నీళ్ల మాట అబద్ధం చెప్తాండాది. ఆ పక్క నీళ్ల మాట నిజింగా చెప్తాండాది, రేషం మాట అబద్ధం చెప్తాండాది." నాయన ఉన్నచోటి నుంచే కసిరాడు. "సుమ్మనుండమ్మా!" అన్నాడు. కానీ వీధంతా అప్పటికే నా వైపు తిరిగింది. పళ్లెం కింద పెట్టి పారిపోదామనుకునేంతలో పెద్దమనుషులు దిగారు.

మన పార్టీ వార్డు నాయకుడు కండువా మామ (స్నానానికి పోయేటప్పుడు కూడా పార్టీ కండువా తీయడని పేరు) మా వీధిలోనే ఉంటాడు. సబ్బు నురగ చెవిలో ఉండగానే వచ్చేశాడు. ఆ పక్కనుంచి ఆ పార్టీ నాయకుడు, బుల్లెట్టన్న, బండి దిగి నడుచుకుంటూ వచ్చాడు. కండువా మామ నాయన ముందు నిలబడి, "ఏమప్పా, ఇది నీ మాట కాదా? ఆ పార్టీ ఆటోలోకి యట్ల పోయినాది?" అన్నాడు. నాయన పడుగు బిగపట్టుకునే, "నేనియ్యలేదన్నా! నాకు తెలీకుండానే పోయినాది!" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది భయం. నాయన భయపడగా నేనెప్పుడూ చూడలేదు. బుల్లెట్టన్న బాధ వేరు. "మా కాగితంలో రేషం సంగతి ఆ పాప చదివింది వినండప్పా. ఎవురో సచ్చిపోయినట్ల చదివింది. కావాలనే చేసినారు!" అన్నాడు. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. ఆ ఇద్దరూ ఒకే పక్క నిలబడటం మా వీధి చూడటం అదే మొదలు.

"నువ్వు ఎవురి మనిషివి పాపా? నిజిం చెప్పు" అన్నాడు కండువా మామ. నేను నిజమే చెప్పాను. ఆ వయసులో నిజం అడిగితే నిజమే కావాలనుకునేదాన్ని. వేళ్లు మడుస్తూ చెప్పాను. "రేషం సంగతిలో మీరు మామా. నీళ్ల సంగతిలో ఆ అన్న. కాలేజీ కూడా ఆ అన్నే. బడి పక్కన వైన్ షాపు తీసేయల్ల అని మీ ఇద్దరి కాగితాల్లోనూ లేదు, కాబట్టి అది నాదే." కండువా మామ నోరు తెరిచి మూసుకున్నాడు. బుల్లెట్టన్న తాళంచెవి జారవిడిచాడు. చివరికి దారం అతుకుతున్న ఒక పెద్దమనిషి, నిజంగానే తెలుసుకోవాలని, "అయితే ఓటు యట్ల ఏస్తావు పాపా? రెండు బటన్లూ నొక్కుతావా?" అని అడిగాడు. నేను మడిచిన వేళ్లను మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాను.

పడుగు లేచింది, ఆటోలు పోయాయి. కండువా మామ మాత్రం పోలేదు. మా గడపలో నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. ఎల్లుండి పోలింగు. ఏజెంటు పాసు నాయన పేరు మీద రాసే ఉంది. అది చేతికి రావాలంటే నేను ఇంకో రికార్డింగు చేయాలి. కాగితం కూడా అప్పటికప్పుడే రాసిచ్చాడు. "మా వీధిలో నీళ్లకు ఏ కొదవా లేదు. ఆ మాట మా నాయన ఏనాడూ అనలేదు. ఇట్లు, ఆయన కూతురు." నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చొక్కా వేసుకుని, "పద పాపా" అన్నాడు.

బస్టాండు దాకా ఆయన ముందు, నేను వెనక. ఆ నడక నాకు బాగా గుర్తు. ముప్పై ఏళ్ల కుర్చీ నా నోటి మీద వేలాడుతోంది. చదివేస్తాను, నాయన కోసం ఏదైనా చదివేస్తాను అని నిశ్చయించుకున్నాను. గొర్రెపిల్ల కోసం అరిచినదాన్ని, నాయన కోసం అబద్ధం ఆడలేనా? మైకు ముందు నిలబడ్డాను. నాయన కోడిగుడ్ల అట్టల గోడకానుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మొదటిసారి "ఏ కొదవా" దగ్గర దగ్గు వచ్చింది. రెండోసారి గొంతు పూర్తిగా సన్నబడిపోయింది. మూడోసారి "ఏనాడూ అనలేదు" బదులు "ఏనాడో అన్నాడు" అని ఏడ్చేశాను. ఎకో అన్న ఎన్నడూ లేనిది, "దీనికి ఎకో కూడా అతుక్కోదు పాపా" అన్నాడు. నాయన తల వంచుకుని, "ఇంగోసారి చదువు, అయిపోతాది" అన్నాడు మెల్లగా.

నాలుగోసారి ఎకో అన్న మీట నొక్కాడు, ఎర్రలైటు వెలిగింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు నాయన ఫోను మోగింది. ఇంటి దగ్గర్నుంచి జేజి. ఆమె ఫోనులో మాట్లాడితే స్పీకరు అక్కర్లేదు, గదంతా వినబడింది. "రేయ్, కొళాయి వచ్చినాది! ఇంట్లో ఎవురూ లేరు! యాడ సచ్చినార్రా అందరూ!" నాయన స్టూలు మీదినుంచి ఎగిరి లేచాడు. ఆలోచన లేదు, పార్టీ లేదు, పాసు లేదు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, గుండెలనిండా గాలి పీల్చి, మైకుకు అడుగు దూరంలో కేక పెట్టాడు. "నాడె పట్టే చేతికి బిందె ఇచ్చినారు గదప్పా!"

ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నాయన ముఖం చూస్తే ఆ మాట ఇంకెవరో అన్నట్టుగా ఉంది. నోరు అలాగే తెరిచి ఉంది. ఎకో అన్న తడబడుతూ, "అన్నా... ఇది కూడా రికార్డయినాది" అన్నాడు. ఇంకోసారి వినిపించమన్నాడు నాయన. ఎకో అన్న వినిపించాడు. తన గొంతులో తన మాట, ఎకో లేకుండా, ఆయన అలా వినడం జీవితంలో మొదటిసారి. వింటూ వింటూ స్టూలు మీద నెమ్మదిగా కూర్చుండిపోయాడు. "ఇంత కోపం ఉండాదా నాకు?" అన్నాడు. ఎవరినీ కాదు, తనను తానే అడిగాడు. తర్వాత లేచి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఆపప్పా. ఆ అబద్ధం మా పాప నోట్లో రాదులే. నాకే రాల్యా" అన్నాడు. మా నాయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆ ముక్క ఆయనతో అనలేదు, బిందెల కోసం ఇద్దరం ఇంటికి పరుగెత్తాం.

పోలింగు రోజు నాయన కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు. ఏజెంట్లు పొద్దున్నే మొదట ఓటేస్తారు కాబట్టి, నాయన జన్మలో వరసలో నిలబడి ఎరగడు. వరస చూసి అదిరిపోయాడు. "ఇంతసేపు ఎండలో నిలబడతారా జనం? యాల చెప్పలేదే నాకు ఎవురూ?" అని నన్నే కోప్పడ్డాడు. గదిలోకి పోయేటప్పుడు ఆయన చూపు కుర్చీ వైపు పోవడం తలుపు దగ్గర్నుంచి చూశాను. బయటికొచ్చి, వేలి మీది సిరా ఆరబెట్టుకుంటూ అన్నాడు, "ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి పాపా. ముప్పై ఏండ్లు ఊగతానే కూర్చున్నా." ఆ తర్వాత ఎవరికి ఓటేశావని ఆయన నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. మంగలి దగ్గరికి మాత్రం ఎదురు వీధికి పోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఫ్యాను ఉందట.

ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో చెప్పను. చెబితే నేను ఏ పార్టీయో మీరు తేల్చేస్తారు. నీళ్లు ఆరు రోజులకు బదులు కొన్నాళ్లు అయిదు రోజులకొచ్చాయి, తర్వాత ఏడుకు పోయాయి. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు అసలైన వింత జరిగింది. మన పార్టీ ఆటోలోనూ, ఆ పార్టీ ఆటోలోనూ, రెండింట్లోనూ అదే కేక. ఎవరివో తెలియని గొంతులు "నాడె పట్టే చేతికి బిందె" అని అరుస్తూ వీధి వీధీ తిరిగాయి. నాయన గుమ్మంలో నిలబడి రెండూ విన్నాడు. "మన మాట రెండు పార్టీల్లోనూ చేరిపాయనే పాపా! మనకే యాడా చోటు లేదు!" అని నిర్ఘాంతపోయి, తర్వాత పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు నేను ఊళ్లోనే బళ్లో పాఠాలు చెప్తున్నాను. నాయన మగ్గం దిగాడు, వరండాలో మంచం మీద కూర్చుని రెండు పార్టీల పేపర్లూ చదువుతాడు, ఏ పేజీ మీదా టీ గ్లాసు పెట్టడు. మొన్న ఒకే పొద్దున రెండు పార్టీల వాళ్లూ ఓటడగడానికి మా గడపలోకొచ్చారు. "మీకే అన్నా, చెప్పల్నా" అన్నాను మొదటివాళ్లతో. అరగంట తర్వాత రెండోవాళ్లతో కూడా అదే మాట, అదే నవ్వు. నా గొంతు ఎక్కడా సన్నబడలేదు, ఎక్కడా దగ్గు రాలేదు. అదీ నన్ను ఇప్పటికీ దిమ్మెరపరిచే సంగతి. వాళ్లు పోయాక మంచం మీదినుంచి నాయన వేళ్లు మడుస్తూ, "రేషం వాళ్లది, నీళ్లు వీళ్లది, కాలేజీ వీళ్లదే. ఆ నాలుగోది, నీది, ఏందే అది?" అన్నాడు. "వైన్ షాపు నాయనా." "అడిగినావా వాళ్లని?" "లేదు నాయనా." ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. ఆ రోజు వీధిలో ఆటోను చూసినప్పుడు కూడా అంత ఆశ్చర్యంగా చూసి ఉండడు. "ఆ మైకు పాప యాడికి పోయినాదే?" అన్నాడు.

ఏం చెప్పను? నేనూ ఆమె కోసమే వెతుక్కుంటున్నానని చెప్పబోయాను. అంతలో కొళాయి బుస్సుమంది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఎర్ర పెన్ను పక్కనపెట్టి, బిందె తీసుకుని లేచాను. నాయన కేక కోసం ఒక్క క్షణం ఆగాను. ఆయన ఊరికే నా వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇక తప్పదని నేనే అన్నాను, వీధంతా వినబడేలా, చివర కొంచెం ఎకో కలిపి.